ఆగస్టు 3న హైదరాబాద్‌లో సరిగ్గా 12కి చూసినా నీడ ఎందుకు మాయం కాలేదంటే

ఆగస్టు 3న హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదకు వస్తాడు, ఆ క్షణం నిటారు కర్రకు నీడ పడదు. దీన్నే జీరో షాడో డే అంటారు. పిల్లలతో కర్ర పాతించి 12కి చూస్తే నీడ అలాగే ఉందా? తేదీ కరెక్టే, టైమే తేడా. గడియారం 12 కొట్టేసరికి సూర్యుడు ఇంకా నెత్తి మీదకు రాలేదు. మన టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది, అంటే దాదాపు కాకినాడది. హైదరాబాద్ దానికి 4 డిగ్రీలు పడమర, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 16 నిమిషాలు ఆలస్యం. భూకక్ష్య, అక్షం వంపు వల్ల ఆగస్టు మొదట్లో ఇంకో 6 నిమిషాలు కలుస్తాయి. అందుకే హైదరాబాద్‌లో నీడ మాయమయ్యే క్షణం 12:22, 12:23 మధ్య. 12కి మీటరు కర్రకు 9 సెంటీమీటర్ల పైనే నీడ ఉంటుంది, పిల్లలు చూసింది తప్పు కాదు, ముందు ఆ మాట వాళ్లకు చెప్పండి.

మళ్లీ చేసేటప్పుడు:

1. 12కే మొదలెట్టి, 5 నిమిషాలకోసారి నీడ చివర సుద్దముక్కతో గుర్తు పెట్టించండి.

2. కర్ర నిటారుగా ఉందో లేదో కంటితో చూసి వదిలేయకండి. అందరూ తప్పేది ఇక్కడే. 3 డిగ్రీలు ఒరిగినా మీటరు కర్రకు 5 సెంటీమీటర్ల నీడ మిగిలిపోతుంది. దారానికి రాయి కట్టి వేలాడదీసి, ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి సరిచూడండి.

3. 12:40 దాకా ఆపొద్దు. నీడ తగ్గి, మళ్లీ రెండో వైపు పెరగడం చూస్తేనే పిల్లలకు అసలు విషయం పట్టుబడుతుంది.

మబ్బు పడితే టెన్షన్ వద్దు, మర్నాడు చేసినా తేడా మీటరుకు అర సెంటీమీటరే.