స్కిన్నర్ కూతురు పెరిగింది ఎలుకల పెట్టెలోనా?

ప్రశ్న: సైకాలజిస్టు బి.ఎఫ్. స్కిన్నర్ సొంత కూతురిని ఎలుకల పెట్టెలో పెంచాడనీ, ఆమె పెద్దయ్యాక ఆత్మహత్య చేసుకుందనీ మా అబ్బాయికి ఎవరో చెప్పారట. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రెండూ పుకార్లే. స్కిన్నర్ చిన్న కూతురు డెబొరా 1944లో పుట్టారు. పాపకు దుప్పట్లు చుట్టే పని తప్పించడానికి ఆయన పాపను పడుకోబెట్టే ఒక తొట్టి తయారుచేశారు. ముందువైపు అద్దం, కింద బిగించి కట్టిన కాన్వాసు, లోపలికి వడగట్టిన వెచ్చటి గాలి. కాన్వాసు మీద పది గజాల పొడవున్న బట్ట. తడిసిన భాగాన్ని పక్కకు లాగితే శుభ్రమైన భాగం వచ్చేస్తుంది. పాపకు డైపర్ ఒక్కటి చాలు. అందులో ఎలుకల పెట్టెలోలా నొక్కితే తిండి పడే మీటా లేదు, ప్రయోగమూ లేదు.

1945లో లేడీస్ హోమ్ జర్నల్ ఆయన వ్యాసానికి ‘పెట్టెలో పాప’ అని అర్థమొచ్చే శీర్షిక పెట్టింది. స్కిన్నర్ బాక్స్ అంటే ఎలుకల పరికరం కాబట్టి జనం రెండింటినీ కలిపేశారు. డెబొరా చిత్రకారిణిగా లండన్‌లో స్థిరపడ్డారు. 2004లో గార్డియన్ పత్రికలో స్వయంగా ఈ కథను ఖండించారు. బతికున్న మనిషిని చనిపోయిందని ప్రచారం చేయడం దారుణం.

ప్రశ్న: ఫోన్ కోసం మా పాప ఒకటే ఏడుపు. పదిసార్లు వద్దని, ఎప్పుడో ఒక్కసారి ఇస్తాం. అయినా మానదేం?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఆ ఒక్కసారే మాననివ్వడం లేదు. స్కిన్నర్ తన ఎలుకలకు తిండి గుళికలు చేతి యంత్రం మీద తానే చేసుకునేవారు. ఎనిమిది ఎలుకలు, ఒక్కోదానికి రోజుకు వంద గుళికలు. ఒక శనివారం చూస్తే, ఉన్నవి సోమవారం పొద్దుటికి అయిపోయేలా ఉన్నాయి. దాంతో మీట నొక్కిన ప్రతిసారీ ఇవ్వడం మానేసి, నిమిషానికి ఒక్కటే ఇచ్చారు. ఎలుకలు నొక్కుతూనే ఉన్నాయి. ఇలా అప్పుడప్పుడూ దక్కించుకున్న ఎలుక, గుళికలు పూర్తిగా ఆపేసినా చాలాసేపు వదలదు. ప్రతిసారీ దొరికిన ఎలుకే త్వరగా ఊరుకుంటుంది.

కాబట్టి ఏడుపుకు ఫోన్ ఒక్కసారి కూడా ఇవ్వకండి. నానమ్మ, తాతయ్య సహా అందరూ ఒకే మాట మీద ఉండాలి. మొదట్లో ఏడుపు తగ్గకపోగా పెరగొచ్చు. చాలామంది అక్కడే తట్టుకోలేక ఇచ్చేస్తారు, దాంతో ఇంకా గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని పాప నేర్చుకుంటుంది. ఏడవకుండా అడిగితే మాత్రం, మీరు చెప్పిన టైముకు తప్పకుండా ఇవ్వండి. ఇది లేకపోతే సగం పనే అయినట్టు. ఆకలి, జ్వరం, భయంతో ఏడిస్తే వెంటనే దగ్గరకు తీసుకోవాలి. కొన్నాళ్లు ఊరుకుని ఒకరోజు మళ్లీ మొదలుపెట్టొచ్చు, అదీ మామూలే. ఆ రోజూ ఇవ్వకండి.