గుర్రానికి చేతులుంటాయి తల్లీ

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

జంతువుల అవయవాల పేర్లను పలు భాషల్లోంచి సేకరించి పదకోశం చేస్తున్నావనీ, ముందుకాళ్లతో మొదలుపెట్టావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. నేను జీవితమంతా చేసిన పని మన ఇంట్లో ఇంకొకరి చేతికి వచ్చిందని ఎంత పొంగిపోయానో చెప్పలేను. అయితే మీ అమ్మ మరో మాట కూడా అంది. కంప్యూటర్లో పెద్ద పట్టిక గీశావట, భాషకొక గడి పెట్టావట, వారం తిరక్కుండానే సగం నిండిపోయాయట. ఆ మాట విన్నప్పటి నుంచి దిగులు పట్టుకుంది. అంత త్వరగా నిండే గడులంటే నాకు భయం.

నీకు తెలిసిన సంగతులు ముందే చెప్పేస్తాను. మాట ఎవరు చెప్పారో, వాళ్లు ఏ పని చేస్తారో పక్కనే రాసుకో. ఉచ్చారణ రికార్డు చెయ్యి. ఏ రోజు పనికి ఆ రోజే నకలు తీసి దాచుకో.

ఇక అసలు విషయం. నేను నిఘంటువు పనిలో కొత్తగా చేరిన రోజుల్లో అక్కడ నీ పట్టికలాంటిదే ఒకటి తయారవుతోంది. 'గుర్రం ముందుకాలు' అనే వరుసకు వేర్వేరు భాషలవాళ్ల నుంచి జవాబులు వచ్చాయి. స్పానిష్ గడిలో 'మానో' అని ఉంది. మానో అంటే చేయి. అరబ్బీ గడిలో 'యద్', అదీ చేయే. పారసీ గడిలో 'దస్త్', మళ్లీ చేయే. మా సంపాదకులు గొప్ప పండితులు, కానీ తొందర మనిషి. "ప్రశ్న సరిగ్గా చదవకుండా మనిషి చేతికి పేరు రాసి పంపారు" అంటూ మూడింటినీ ఎర్ర సిరాతో కొట్టేశారు. ఆయా భాషల్లో 'ముందు'కు ఒక మాట, 'కాలు'కు ఒక మాట వెతికించి, రెండూ జతచేసి గడులు నింపించారు. ఒకరికొకరు ఏ సంబంధమూ లేని ముగ్గురు ఒకే రకంగా ఎలా పొరబడతారని ఆ గదిలో ఎవరూ అడగలేదు. కోశం అలాగే అచ్చయింది.

తప్పు ఆ ముగ్గురిదీ కాదమ్మా. స్పానిష్‌లో నాలుగు కాళ్ల జంతువు ముందు పాదాలను 'మానో' అనే అంటారు. గుర్రాలతో బతికేవాళ్లయితే ముందువి చేతులు, వెనుకవి కాళ్లు అన్నట్టే మాట్లాడతారు. అరబ్బీలో ముందుది 'యద్', వెనుకది 'రిజ్ల్'. పారసీవాళ్లు నాలుగు కాళ్ల మీద పాకడాన్ని కూడా 'చహార్ దస్త్ ఓ పా' అంటారు, అందులో దస్త్ చేయి, పా కాలు. అంత దూరం ఎందుకు, వైదిక సంస్కృతంలోనే పశువు ముందుకాలిని 'బాహువు' అన్నారు. ఆ సంపాదకులకు సంస్కృతం కొట్టిన పిండి. ఆయనకు కూడా ఆ క్షణంలో అది తట్టలేదే అని ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. పైగా అతికించిన మాటలు చూడటానికి తప్పుగా కనిపించవు. అర్థమూ తెలుస్తుంది, వ్యాకరణమూ సరిపోతుంది. అందుకే వాటిని ఎవరూ అనుమానించరు, అసలు మాట మాత్రం కోశంలోంచి మాయమైపోతుంది.

నువ్వు నింపిన గడుల్లో ఇలా అతికినవి ఎన్ని ఉన్నాయో ఈ రోజే కూర్చుని చూడు. విసుక్కోకు. చాలా భాషల్లో నిజంగానే 'ముందు'కు 'కాలు' చేరుతుంది. కన్నడంలో ముంగాలు, తమిళంలో మున్నంగాల్, మలయాళంలో మున్‌కాల్, టర్కిష్‌లో ఓన్ ఆయాక్, జపనీస్‌లో మాఎఆషి. వీటిని చూసి అన్ని భాషలూ ఇంతేనని నమ్మేస్తాం. మోసపోయేది అక్కడే.

ఇంకొకటి. ఒక భాషకు ఒక్క గడి చాలదు. ఫ్రెంచిలో కుక్క కాలు 'పాత్', గుర్రం కాలు మాత్రం మనిషి కాలిలాగే 'జాంబ్'. డచ్చివాళ్లూ అంతే, కుక్కకు 'పోట్' అని, గుర్రానికి మాత్రం మనుషుల మాట 'బేన్' వాడతారు. రష్యన్‌లో పిల్లికీ ఎలుగుబంటికీ 'లాపా', ఆవుకు 'నగా'. జర్మన్ వేటగాడు జింక ముందుకాలిని 'ఫోర్డర్‌లాఉఫ్' అంటాడు, మామూలువాళ్లు 'ఫోర్డర్‌బైన్' అంటారు. మన తెలుగే చూడు. ఆవుకు ముందుకాళ్లు, పులికి పంజా, కోతి దగ్గరికి వచ్చేసరికి 'కోతి చేతిలో పూలదండ'. ఏనుగుకైతే నాలుగూ కాళ్లే, చేయి ముఖం మీద ఉంది. హస్తి, కరి అన్న పేర్లు ఆ తొండం వల్లే వచ్చాయి. తమిళులు తొండాన్ని 'తుంబిక్కై' అంటారు, చివరి 'కై' చేయే. కాబట్టి జంతువు జంతువుకూ విడిగా అడుగు. "ముందుకాలును మీ భాషలో ఏమంటారు?" అని మాత్రం అడగకు. అలా అడిగితే ఎదుటివాళ్లు మర్యాదకొద్దీ నీ మాటనే తర్జుమా చేసి ఇస్తారు. బొమ్మ చూపించు, వేలు పెట్టి చూపించు, ఊరుకో. వాళ్లు చెప్పింది వింతగా ఉంటే మరీ జాగ్రత్తగా రాసుకో.

వేలు ఎక్కడ పెడుతున్నావో నీకు తెలిసి ఉండాలి. నీ అరచేతిని బల్ల మీద నిటారుగా లేపి, నడిమి వేలి కొస మీద మాత్రమే నిలబెట్టు. గుర్రం నిలబడేది అలాగే. గిట్ట ఆ వేలి గోరు. దానికి పైన సన్నగా, పొడుగ్గా కనిపించే ఎముక అరచేతిది. ముందుకాలిలో మనం మోకాలు అనుకునే కీలు నిజానికి మణికట్టు. మోచేయి ఇంకా పైన, ఛాతీని ఆనుకుని ఉంటుంది. పశువైద్యుడు ఒక పేరు చెప్పి, గుర్రాన్ని మేపేవాడు వేరే పేరు చెబితే ఇద్దరివీ రాసుకో. ఒకరిదే సరైనదని నువ్వు తీర్పు చెప్పకు.

నిజం గుర్రం దగ్గరికే వెళ్లి అడుగుతావేమో, నీ సంగతి నాకు తెలుసు. భుజం పక్కన, అది నిన్ను చూసేలా నిలబడు. వెనుక కాళ్ల వైపు వెళ్లకు. యజమాని పక్కన లేకుండా తాకకు. ఈ ఒక్క మాటలో నాకు ఎదురు చెప్పొద్దు తల్లీ.

గబ్బిలాన్ని ఏం చేస్తావో కూడా ఇప్పుడే తేల్చుకో. 1859లో డార్విన్ మనిషి చేతినీ, గుర్రం కాలినీ, గబ్బిలం రెక్కనూ ఒకే నమూనాలో ఉన్న ఎముకలేనని రాశాడు. ఆ లెక్కన రెక్క కూడా ముందుకాలే. మాట్లాడేవాళ్లకు మాత్రం అది రెక్కే. నన్నడిగితే దానికి వేరే వరుస పెట్టి, ముందుకాళ్ల వరుస నుంచి దానికి ఒక సూచిక ఇవ్వు.

ముందు స్పానిష్, అరబ్బీ, పారసీ కాగితాలు నాకు పంపు. కొట్టివేతలుంటే అవి కూడా కనిపించేలా పంపు. రాత్రిళ్లు మేలుకుని గడులు నింపకు, ఖాళీగా ఉన్నవాటిని ఖాళీగానే ఉండనివ్వు.

ఆశీస్సులతో,
తాతయ్య