ఫార్మాట్ కొట్టే ముందు కుర్చీలు మార్పించు

అల్లుడూ,

నిన్న రాత్రి ఫోన్‌లో నీ గొంతులో టెన్షన్ విన్నప్పటి నుంచి అదే ఆలోచన. కరీంనగర్ ఆఫీసులో ఎనిమిది సిస్టమ్‌లు. ఒకే మోడల్, ఒకే విండోస్, అన్నింటినీ నువ్వే ఒకే తీరుగా సెట్ చేశావు. ఆరు బాగున్నాయి, రెండు మాత్రం తేదీల్లో రోజూ నెలా తిరగేస్తున్నాయి, ప్రింటర్ దగ్గర మొరాయిస్తున్నాయి. ఆ రెండూ ఫార్మాట్ కొట్టేస్తా మామా అన్నావు. వద్దు బిడ్డా. ఫార్మాట్ కొడితే తేడా పోవచ్చు గానీ, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిపే జాడ కూడా పోతుంది. నెల తర్వాత మూడో సిస్టమ్‌లో అదే వస్తే మళ్లీ మొదటికే వస్తావు.

ఒకటే అడుగుతా. ఆ సెట్టింగులు ఎవరి లాగిన్‌లో కూర్చుని మార్చావు? కొన్ని మెషీన్‌వి, కొన్ని లాగిన్ అయిన మనిషివి, కొన్ని సర్వర్ పంపేవి. అడ్మిన్ లాగిన్‌లో తేదీ పద్ధతి మార్చితే అది అడ్మిన్‌కే మారుతుంది. పొద్దున వచ్చి తన పేరుతో లాగిన్ అయ్యే గుమస్తాకు పాతదే కనిపిస్తుంది.

ఇది నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో నేర్చుకున్నా. మిర్చి సీజన్, ఏప్రిల్ మొదటి వారం. రెండు సిస్టమ్‌లు, ఒకదాంట్లో రీజియన్ (తేదీ ఏ దేశం పద్ధతిలో రాయాలో చెప్పే సెట్టింగ్) ఇండియా, రెండో దాంట్లో అమెరికా. గుమస్తా ఏప్రిల్ 3 అనుకుని 3-4 కొడితే ఎక్సెల్ మార్చి 4 అని రాసుకుంది. ఎవరికీ అనుమానం రాలేదు. 12 దాటిన తేదీలే పట్టించాయి: 13ను నెలగా చదవలేక వాటిని ఉత్త అక్షరాల్లా వదిలేసింది. అసలు తేదీ గడిలో కుడి వైపు ఉంటుంది, అవి ఎడమకు అంటుకుని ఉన్నాయి. నేను అడ్మిన్‌లో రీజియన్ మార్చి, నా కళ్ల ముందు సరిగ్గా కనిపించింది కదా అని హన్మకొండ వచ్చేశా. తెల్లారి మళ్లీ ఫోన్. ఇంకో బాధ, రీజియన్ సరిచేసినా అప్పటికే తప్పుగా ఎక్కిన తేదీలు వాటంతట అవి మారవు. తక్‌పట్టీలు (రైతుకు రాసిచ్చే అమ్మకం లెక్క చీటీలు) ముందేసుకుని గుమస్తా, నేను రెండు రోజులు ఒక్కోటీ సరిచూశాం. అవి రైతులకు ఇవ్వాల్సిన డబ్బు లెక్కలు, అందాజాగా వదిలేసేవి కావు.

అందుకే మొదట కుర్చీలు మార్పించు. తేడా ఉన్న సిస్టమ్ వాడే ఆమెను బాగున్న సిస్టమ్‌లో తన పేరుతోనే లాగిన్ కమ్మను. ఆ సిస్టమ్ మనిషిని ఈమె కుర్చీలో కూర్చోబెట్టు. తేడా ఆమె వెంట వస్తే ప్రొఫైల్‌లో, అంటే ఆమె లాగిన్‌కు చెందిన సెట్టింగుల్లో వెతుకు. అక్కడ కూర్చున్న రెండో మనిషికీ వస్తే మెషీన్‌లో వెతుకు. ఇద్దరికీ రాకపోతే ఆ పాత మెషీన్‌లో ఉన్న ఆమె ప్రొఫైల్‌లోనే వెతుకు. పది నిమిషాల పని, సగం వెతుకులాట తప్పుతుంది.

ప్రింటర్ సంగతి కూడా ఇలాంటిదే. ట్రే నిండా ఏ4 ఉన్నా కాగితం పెట్టమని అడుగుతోందంటే ఆ లాగిన్‌లో సైజు లెటర్ (అమెరికా కాగితం సైజు) అని ఉందేమో చూడు. ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో మార్చింది ఆ ఒక్క లాగిన్‌కే. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ కింద ప్రింటింగ్ డిఫాల్ట్స్ ఉంటుంది, అందరికీ కావాలంటే అక్కడ మార్చాలి.

మీకు సర్వర్ ఉందన్నావు. గ్రూప్ పాలసీలో, అంటే సర్వర్ అన్ని సిస్టమ్‌లకూ పంపే సెట్టింగుల్లో, ఏదైనా మార్చితే అన్ని సిస్టమ్‌లకూ ఒకేసారి చేరదు. 90 నిమిషాలకోసారి తెచ్చుకుంటాయి, దానికి 30 నిమిషాల దాకా అదనంగా కలుపుకుంటాయి. కొన్ని సెట్టింగులైతే మళ్లీ లాగిన్ అయితేనో, రీస్టార్ట్ చేస్తేనో గానీ పట్టవు. ఆ రెండు గంటల్లో చూసి తేడా అనుకోకు. తర్వాత కూడా ఉంటే బాగున్నదాంట్లో ఒకసారి, బాగులేనిదాంట్లో ఒకసారి జీపీరిజల్ట్ (gpresult) కమాండ్, అంటే ఏ పాలసీలు పట్టాయో చూపేది, నడిపి, రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టుకుని చదువు. రీస్టార్టే చెయ్యి, షట్‌డౌన్ కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే రోజూ షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా కొత్తగా మొదలవదు. టాస్క్ మేనేజర్‌లో అప్ టైమ్ ఎన్ని రోజులు చూపిస్తోందో చూస్తే నీకే తెలుస్తుంది.

గడియారం వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది బటన్ సెల్ మార్చు, సీఆర్ 2032 అని అడుగు. సాయంత్రం మెయిన్ తీసేసి పోయే ఆఫీసుల్లో అది త్వరగా అయిపోతుంది. డొమైన్‌లో, అంటే సర్వర్ కింద నడిచే సిస్టమ్‌లలో, టైమ్ 5 నిమిషాలు దాటి తేడా వస్తే లాగిన్ కూడా కాకపోవచ్చు.

ఒక్కసారికి ఒక్కటే మార్చు. మార్చినదీ, ఎవరి లాగిన్‌లో మార్చావో అదీ, టైమ్‌తో సహా నోట్‌బుక్‌లో రాసుకో. రేపు పొద్దున ఇద్దరి కుర్చీలూ మార్పించి, తేడా ఎవరి వెంట పోయిందో చూసి నాకు ఫోన్ చెయ్యి. పది లోపు ఇంట్లోనే ఉంటా.

మీ మామ
హన్మకొండ