నాలుగు నెలల బాబుకి వినబడటం లేదన్నారు, ఇంట్లో 'ఆగండి' అంటున్నారు. ఏం చేయాలి?

రాజాం నుంచి అడిగిన చెల్లెమ్మకి,

బెరా పరీక్షలో రెండు చెవులకీ తీవ్రమైన లోపం అని వచ్చిందనీ, మీ అత్తగారేమో "వాళ్ళ నాన్నకీ మాటలు లేటే, తలుపు కొడితే గుంటడు తుళ్ళిపడతన్నాడు కదా" అంటున్నారనీ రాశారు. విజయనగరంలో మా ఇంట్లోనూ అచ్చం ఇదే మాట. డప్పు మోగితే మా పాపా తుళ్ళిపడేది. ఆ మోత ఒంటికి అదురుగా కూడా తెలుస్తుంది. మాటల్లోని స, శ లాంటి సన్నటి ధ్వనులు అలా అందవు. పిల్లలు నిద్రలో ఉండగా శబ్దానికి నరమూ మెదడూ ఎలా స్పందిస్తున్నాయో బెరాలో చూస్తారు. ఇంట్లో పళ్ళెం మోగించి చూడటం దానికి సాటి రాదు.

అందుకే ఆగొద్దు. నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు సాయం మొదలు కావాలన్నది డాక్టర్లు పాటించే లెక్క. మీకింకా టైం ఉంది. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) అవసరమైనా అది సాధారణంగా ఏడాది వయసు అటూ ఇటూగా చేస్తారు. అప్పటిదాకా చెవి మిషన్లు పెట్టాల్సిందే.

మిషన్ పెట్టాక అసలు పని ఇంట్లోనే. పాలిచ్చేటప్పుడు చెవి మన చేతికి ఒత్తుకుంటే మిషన్ కీచుమంటుంది, కంగారు పడకండి. ఊరికే కూర్చున్నప్పుడూ కీచుమంటుంటే మోల్డు (చెవి కొలతకి చేసిన, చెవిలో కూర్చునే అచ్చు) వదులైనట్టే. చెవి పెరుగుతుంది కాబట్టి ఈ వయసులో మోల్డు తరచూ మార్చాలి. పీకి నోట్లో పెట్టుకుంటారు, దారంతో చొక్కాకి క్లిప్ చేయండి. బ్యాటరీ మూతకి లాక్ ఉన్నదే అడగండి, మింగితే ప్రాణం మీదకి వస్తుంది. మాట్లాడేటప్పుడు టీవీ కట్టేసి, దగ్గరగా, మొహం కనబడేలా కూర్చోండి. కుక్కర్ కూత వేస్తే "విన్నావా?" అని మీ చెవి చూపించండి. జోలపాటల డ్యూటీ అత్తగారికి ఇచ్చేయండి. మా అత్తగారు అలాగే దారిలోకొచ్చారు! సైగలు చేస్తే మాటలు రావని కొందరు టెన్షన్ పెడతారు, నేనైతే పట్టించుకోలేదు.

ఖర్చు సంగతికొస్తే, జిల్లా ఆసుపత్రిలో డైక్ సెంటర్ (DEIC, పిల్లల్లో లోపాల్ని తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రం) ఎక్కడని అడగండి. పుట్టుకతో వచ్చే ఇలాంటి లోపాల కోసం 2013లో మొదలైన, పిల్లల ఆరోగ్యం చూసే ఆర్‌బీఎస్‌కే కార్యక్రమం కింద పెట్టినవే అవి. ఇంప్లాంట్‌కి ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ), వికలాంగులకి పరికరాలు ఇచ్చే కేంద్రం వాళ్ళ అడిప్ పథకం ఉన్నాయి. వయసు పరిమితి ఉంటుంది కాబట్టి ఇప్పుడే కనుక్కోండి. సదరం సర్టిఫికెట్‌కీ అప్లై చేసి పెట్టండి.

రిపోర్టులో ఒక్కో చెవికి ఎన్ని డెసిబెల్స్ రాశారో ఇక్కడ పెడితే, ఆడియాలజిస్టుని (వినికిడి నిపుణుల్ని) ఏమేం అడగాలో చెప్తాను.