మొదటి స్నో ట్రిప్పుకి పెద్ద కొండ వద్దు చెల్లీ

క్రిస్మస్ సెలవులకి కాలిఫోర్నియా కొండల్లో ఉన్న లేక్ టాహో వెళ్దామనుకుంటున్నాం, ఏ స్కీ రిసార్ట్ మంచిదక్కా అని అడిగావు. ఇద్దరు చిన్నపిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారూ మావయ్యగారూ, మీ ఇద్దరికీ స్కీయింగ్ కొత్త. సరిగ్గా ఇదే సంసారంతో 2012 డిసెంబర్‌లో మేమూ బయల్దేరాం. రిసార్ట్ పేర్లు చెప్పేముందు మాకైన ఖర్చు చెప్తాను, విను.

మా ఆయన ఆఫీసులో వాళ్ల ఫొటోలు చూసి, అన్నిటికంటే పేరున్న కొండనే పట్టుకున్నాం. పెద్దదైతే అన్నీ ఉంటాయి కదా అని. మా ఊరు ఫ్రీమాంట్ నుంచి మామూలుగా నాలుగు గంటల దారి, మాకు తొమ్మిది గంటలు పట్టింది. మంచు మీద జారకుండా టైర్లకి చైన్లు వేసుకోకపోతే ముందుకు పంపమన్నారు రోడ్డు మీది సిబ్బంది. దారిలో దొరికినచోట 110 డాలర్లు పోసి కొన్నాం. మా ఊళ్లో ముందే కొనుంటే అందులో సగమయ్యేది. మా ఆయన మంచులో మోకాళ్ల మీద కూర్చుని, గ్లవ్స్‌తో కొక్కెం పట్టు దొరక్క అవి తీసేసి, వేళ్లు ఎర్రబడి వంగనంటున్నా అరగంట అవస్థపడ్డారు. చివరికి రోడ్డు పక్కన చైన్లు వేసే మనిషికి ఇంకో 30 ఇస్తే ఐదు నిమిషాల్లో బిగించాడు.

మర్నాడు పొద్దున కౌంటర్లో మనిషికి 95 డాలర్ల చొప్పున రెండు లిఫ్ట్ టికెట్లు, అంటే కొండ పైకి తీసుకెళ్లే వేలాడే కుర్చీలకి. కొండంతా తిరగొచ్చు ఆ టికెట్‌తో. కానీ కొత్తవాళ్లకి పనికొచ్చేది కొండ అడుగున మెల్లగా కదిలే పట్టా, మ్యాజిక్ కార్పెట్ అంటారు, అదొక్కటే. ఆ సంగతి మాకెవరు చెప్తారు? లిఫ్ట్ ఎక్కి పైదాకా వెళ్లిపోయాం. ఆ వాలు చూడగానే నా కాళ్లు వణికాయి. స్కీ బూటులో చీలమండ కదలదు, నిలబడడమే ఒక విద్య. అక్కడి మనుషుల్ని బతిమాలి, స్కీలు చేత్తో పట్టుకుని, అదే లిఫ్ట్‌లో కూర్చుని కిందికి దిగాం. బాబుకి క్లాసు దొరకలేదు, ముందే నిండిపోయింది. జీన్స్ వేసుకెళ్లాం. టాహోలో మంచు తడి ఎక్కువ, సముద్రపు తేమంతా అందులోనే ఉంటుంది, దాన్ని సియెర్రా సిమెంట్ అంటారు. రెండుసార్లు పడేసరికి బట్టలు బరువెక్కిపోయాయి. అక్కడి షాపులోనే మళ్లీ ప్యాంట్లు కొనాల్సి వచ్చింది.

మూడు రోజులకి 1,500 డాలర్లు. అప్పట్లో డాలరు 54 రూపాయలు. అంటే 81 వేలు. ఆ రాత్రి హోటల్లో నిద్ర పట్టలేదు నాకు. మా నాన్నగారికి నాలుగు నెలల పెన్షన్ అది. మేం మంచు మీద ఉన్నది రెండు గంటలు.

నాలుగేళ్లు మళ్లీ ఆ మాటెత్తలేదు. 2016 మార్చిలో అన్నీ కనుక్కుని చిన్న కొండకి వెళ్లాం. నలుగురికీ క్లాసులతో సహా 400 డాలర్లలో తేలింది. ఇప్పుడు మా అమ్మాయి బ్లాక్ డైమండ్ అనే బాగా కష్టమైన వాలు మీద నుంచి దిగుతుంది, కింద నిలబడి చూస్తుంటే నాకెంత గర్వమో.

కాబట్టి చెల్లీ, మీకు ఐ-80 హైవే మీద డానర్ కనుమ దగ్గరున్న సోడా స్ప్రింగ్స్ గానీ, బోరియల్ గానీ చాలు. సోడా స్ప్రింగ్స్‌లో ట్యూబింగ్ ఉంది, గాలి నింపిన ట్యూబులో కూర్చుని మంచు మీద జారడమే, పిల్లలకి స్కీ రాకపోయినా రోజు గడిచిపోతుంది. ఆ దారి రద్దీ వద్దనుకుంటే హైవే 108 మీద డాడ్జ్ రిడ్జ్ చూడండి. పెద్ద రిసార్టుల సంగతంటావా, పాలిసేడ్స్ టాహోలో 1960లో వింటర్ ఒలింపిక్స్ జరిగాయి, కిర్క్‌వుడ్ ఏటవాలుకి పేరు. మంచివే, కానీ అంత కొండకి డబ్బు కట్టి అడుగున రెండు వందల అడుగులు వాడుకోవడమెందుకు? ఇంకో మాట. వాలు ఎంత కష్టమో చెప్పే గ్రీన్ (తేలిక), బ్లూ (మధ్యరకం), బ్లాక్ (కష్టం) గుర్తులకి ఏ కొండ కొలత దానిదే. ఒకచోట గ్రీన్ దిగావని ఇంకోచోట ధైర్యం చేయకు.

టికెట్ విడిగా కొనొద్దు. క్లాసు, స్కీలు, కింది లిఫ్టులు కలిపి కొత్తవాళ్లకి ప్యాకేజీ ఉంటుంది, అది ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. వీలైతే క్రిస్మస్ వారం మానేయండి. అప్పుడు అన్నిటికీ ధర ఎక్కువ, మంచు పడుతుందన్న భరోసా తక్కువ. మార్చిలో మామూలు వారం అయితే మంచు పేరుకుని ఉంటుంది, ఎండ ఉంటుంది. రాత్రికి ఐ-80 దారిలోనే ఉన్న ఆబర్న్‌లోనో శాక్రమెంటోలోనో దిగండి, గది ఖర్చు కలిసొస్తుంది. చైన్ల రూల్స్ రోజురోజుకీ మారతాయి, బయల్దేరేముందు కాలిఫోర్నియా రోడ్ల శాఖ వాళ్ల ఆన్‌లైన్ మ్యాప్, కాల్‌ట్రాన్స్ క్విక్‌మ్యాప్ చూసుకోండి.

పెద్దవాళ్ల విషయం. టాహో సరస్సే 6,200 అడుగుల పైన ఉంది, మన తిరుమల కొండ సుమారు మూడు వేలే. బీపీ ఉంటే డాక్టర్ని అడిగి తీసుకెళ్లండి. వాళ్ల విజిటర్ ఇన్సూరెన్స్‌లో స్కీయింగ్ కవరవుతుందో లేదో చదవండి, చాలావాటిలో అవదు. మా అత్తయ్యగారు లాడ్జిలో కిటికీ దగ్గర కూర్చుని పులిహోర డబ్బా తీశారు. ఆ ట్రిప్పులో డబ్బు పెట్టకుండా అందరం కడుపునిండా తిన్నది అదొక్కటే. క్యాంటీన్లో శాకాహారులకి దొరికేది ఫ్రెంచ్ ఫ్రైస్. డబ్బాలు కట్టుకుని వెళ్లండి.

పిల్లలకి స్నో ప్యాంట్లు కొనకు. మా వాళ్లవి పాతవి రెండు జతలు గరాజ్‌లో ఉన్నాయి, ఐదేళ్లకీ ఎనిమిదేళ్లకీ సరిపోతాయి. ఈ ఆదివారం వచ్చి పట్టుకెళ్లు.