సూది వేసిన చోట చీము పట్టింది, పరిహారం వస్తుందా?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది పొదిలి దగ్గర పల్లె. కౌలుకు చేస్తున్నాను. మా పాపకు పద్నాలుగు వారాల టీకా ఊళ్లోనే ఉచితంగా వేశారు. వారానికి తొడ మీద గడ్డ లేచి చీము పట్టింది. ప్రైవేటు ఆసుపత్రిలో కోసి తీశారు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి పద్దెనిమిది వేలు కట్టాను. నష్టపరిహారం అడగొచ్చా? మా ఆవిడ ఇక ఏ టీకా వేయించనంటోంది.

జవాబు: నాయనా, పసిబిడ్డ తొడ కోయించాల్సి వచ్చిందంటే మీ ఇంట్లో ఎంత టెన్షన్ పడి ఉంటారో అర్థమవుతోంది. అడగొచ్చు. అయితే దారి కొంచెం కష్టం.

బ్రిటన్‌లో 1979 నుంచి, అమెరికాలో 1988 నుంచి టీకా వల్ల తీవ్రంగా దెబ్బతిన్నవాళ్లకు పరిహారమిచ్చే పద్ధతి ఉంది. అక్కడ నర్సు తప్పు చేసిందని రుజువు చేయనక్కర్లేదు. మన పార్లమెంటు అలాంటి చట్టం చేయలేదు. చేయాలన్నదే నా అభిప్రాయం. ఊరందరి మేలు కోసం బిడ్డకు సూది వేయించినప్పుడు, చెడు జరిగితే ఆ భారం ఒక్క ఇంటి మీదే పడేయడం న్యాయం కాదు.

అలాంటి చట్టం లేదు కాబట్టి టీకా వేసినవాళ్లు నిర్లక్ష్యం చేశారని మీరే రుజువు చేయాలి. చీమును కల్చర్‌కి, అంటే అందులో క్రిములున్నాయేమో చూసే పరీక్షకి పంపారా? పంపి ఉంటే ఆ రిపోర్టు మీకు ప్రాణం. సూక్ష్మక్రిములు కనిపిస్తే శుభ్రత సంగతి అడగొచ్చు. ఇంకో మాట. ఆ టీకా ఒకే సీసాలోంచి పలువురు పిల్లలకు వేస్తారు. ఆ రోజు అదే సీసాలోంచి వేయించుకున్న మిగతా పిల్లలకూ గడ్డలు లేచాయేమో ఆశా కార్యకర్తను అడగండి. ఇద్దరు ముగ్గురికి లేచి ఉంటే మీ కేసు బలపడుతుంది.

వెంటనే పీహెచ్‌సీ డాక్టరు గారికి రాతపూర్వకంగా ఇవ్వండి. టీకా తర్వాత వచ్చిన ఇబ్బందిగా, అంటే ఏఈఎఫ్ఐగా నమోదు చేసి జిల్లాకు పంపమనండి. దాన్ని చూడటానికి జిల్లా స్థాయిలో కమిటీ ఉంటుంది. మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. సీసా బ్యాచ్ నంబరు చెప్పకపోతే సమాచార హక్కు కింద అడగండి, ముప్పై రోజుల్లో ఇవ్వాలి.

ఒకామె ఇట్లాగే నా దగ్గరకొచ్చింది. ఆసుపత్రి చీటీలు చూరులో దోపితే వానకు తడిసి సిరా అంతా నీలంగా పాకింది. ఏ తేదీనో కూడా చదవలేకపోయాం. మీ చీటీలన్నీ ఇవాళే జిరాక్స్ తీయించండి.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామని ఎవరైనా అంటే తొందరపడొద్దు. అందరికీ ఉచితంగా చేసే సేవ ఆ చట్టం కిందికి రాదని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. డబ్బు కట్టి వేయించుకుంటే అది వేరే సంగతి. మీది సివిల్ కోర్టు దారి. ప్రభుత్వం మీద దావా వేసే ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. గడువులుంటాయి గనక నాన్చొద్దు. లాయరు ఖర్చుకు మళ్లీ వడ్డీకి తేవద్దు. పిల్లలకూ ఆడవాళ్లకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. ఒంగోలు కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి.

మీ ఆవిడకు నా మాటగా చెప్పండి. తొమ్మిది నెలలకు వేసే తట్టు టీకా మానొద్దు. అది కుడి భుజానికి వేస్తారు. వేసే ముందు ఏఎన్ఎంకు పాప తొడ మీది మచ్చ చూపించి, జరిగింది చెప్పమనండి.