ఐదు నిమిషాలు ఆలస్యంగా మోగే గంట

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఆక్స్‌ఫర్డ్ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి నాలుగు పేజీలూ తీసెయ్. బోడ్లియన్ లైబ్రరీ 1602లో తెరిచారనీ, రాడ్‌క్లిఫ్ కెమెరా అనే లైబ్రరీ భవనం గుండ్రటిదనీ గైడు చెప్పింది చెప్పినట్టు దింపావు. అన్నీ నిజాలే, ఒక్కదాంట్లోనూ నువ్వు లేవు.

"ఎముకలు కొరికే చలి" అని మూడుచోట్ల రాశావు. లంబసింగి చలికీ అదే మాట వాడతాం, ఆదిలాబాద్ చలికీ అదే. అక్కడి డిసెంబరు తీరు వేరు కదా! నాలుగు కొట్టకముందే పొద్దు గూకుతుంది. అన్నం తిని బయటికొచ్చేసరికి చీకటి పడుతోందని మీ అమ్మతో ఫోన్లో అన్నావట. ఆ మాట వ్యాసంలో ఏది?

అసలు సరుకు ఐదో పేజీలో ఉంది. రాత్రి క్రైస్ట్ చర్చ్ కాలేజీ టామ్ టవర్ కింద నిలబడ్డావు. గంట మోగుతూనే ఉంది. జేబులోంచి చేతులు తీయలేక నోటితోనే లెక్కపెట్టి, అరవై దాటాక తప్పావు. అక్కడ మొదలుపెట్టు. పాఠకుణ్ణి కూడా లెక్క తప్పనిచ్చి, అప్పుడు చెప్పు: దెబ్బలు 101, ఒకనాటి కాలేజీ విద్యార్థుల సంఖ్య. మోగేది తొమ్మిదింటికి కాదు, తొమ్మిదీ ఐదుకి. ఆక్స్‌ఫర్డ్ గ్రీనిచ్‌కి పడమరగా డిగ్రీంబావు దూరం. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున పొద్దు అక్కడికి ఐదు నిమిషాలు ఆలస్యం. రైళ్ళొచ్చి దేశమంతా ఒకే గ్రీనిచ్ టైము అయ్యాక కూడా ఆ గంట తన ఊరి తొమ్మిదిని వదల్లేదు. ఇంత చాలు, ఇంకో వాక్యం పెంచావో మళ్ళీ గైడువవుతావు.

రాధాకృష్ణన్ గారి పేరా ఉంచాలా అని అడిగావు. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతిగా ఉండి 1936లో ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడిగా వెళ్ళిన మనిషి, మనవాళ్ళకు తలపుకు రావడం సహజమే. వాల్తేరు సముద్రపు గాలికి అలవాటుపడ్డాయన ఆ చలికాలాలు ఎలా గడిపారో అని ఆ గంట కింద నీకు నిజంగా అనిపించిందా? అయితే ఒక్క వాక్యం ఉంచు. ఇంటికొచ్చి తోచిందైతే వద్దు.

ఇంకొకటి. "పక్కనున్న ముసలాయన నవ్వి, ఇంకా ఉన్నాయన్నాడు" అని రాసి ఆయన్ని అక్కడే వదిలేశావేం? గ్లవ్స్ వేసుకున్నాడా? రోజూ వచ్చే మనిషేనా? గుర్తున్నంత మటుకే రాసి పంపు.

మీ మాస్టారు